వెలుగు సాక్ష్యము

రాత్రివేళ రాజమార్గముపై ఒక కారు అటునిటు ఊగుచు వచ్చి చెట్టును కొట్టుకొన్నదనుకొందము. నడుపుచున్నవాడు బ్రతికియే యున్నాడు. కాని అతని మాట తడబడుచున్నది, అడుగు నిలువకున్నది. అతడు మత్తుపదార్థము సేవించెనా? లేక నిద్రలేమిచేతనో, జబ్బుచేతనో, తలకు తగిలిన దెబ్బచేతనో అట్లున్నాడా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకనిచో రెండు విధములైన అనర్థములు కలుగవచ్చును. మత్తులో బండి నడిపినవాడు తప్పించుకొనిపోయి రేపు మరియొకరి ప్రాణము తీయవచ్చును. లేదా ఏ పాపము నెరుగనివాడు దోషియై శిక్ష పొందవచ్చును.

రక్తము తీసి పరీక్షింపవచ్చును గదా యని మీరనవచ్చును. నిజమే. కాని రక్తము తీయుటకు శిక్షణ పొందినవారు కావలెను, పరీక్షాశాల కావలెను, ఫలితము తెలియుటకు కాలము పట్టును. శరీరమునకు గాయము చేయకుండ అక్కడికక్కడే నిజము తెలిసికొను ఉపాయ మేదైన కలదా యని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. అందు వారికి తోడుపడినది వెలుగు.

ఎఱ్ఱగాజు ఎఱుపును పోనిచ్చి తక్కిన రంగులను మ్రింగివేయును. ఇట్లే ప్రతి పదార్థమును కొన్ని కిరణములను మ్రింగి, కొన్నిటిని విడిచిపెట్టును. కంటికి కనబడని కిరణములును కలవు. 1800లో ఇంగ్లండునందు విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపునకు ఆవల, వెలుగేమియు కనబడనిచోట, వేడిమి అన్నిటికంటె హెచ్చుగా నుండెను. ఆ కనబడని కిరణములే పరారుణ కిరణములు. ఏ కిరణము ఎంత తగ్గినదో కొలిచినచో, దానిని మ్రింగిన పదార్థము అక్కడ ఎంత యున్నదో చెప్పవచ్చును.

ఈ సూత్రము మొదట మద్యపానపరీక్షకు ఉపయోగపడినది. 1938లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, రోలా హార్గర్ అను జీవరసాయనాచార్యుడు నిర్మించిన యంత్రము పోలీసుల చేతికి వచ్చెను. అనుమానము కలిగినవానిచే ఒక బుడగలోనికి గాలి నూదించి, ఆ గాలిని రంగుద్రవము గుండ పంపెడివారు. మద్యమున్నచో రంగు వెలిసిపోయెడిది. కాని అందరి కన్నును ఒక్కతీరుగా చూడదు. ఈ లోపమును 1954లో అదే రాష్ట్రపు పోలీసుశాఖలో పనిచేయుచున్న రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తీర్చెను. గంధకికామ్లములో పొటాసియం డైక్రోమేట్ కలిపిన ద్రవము పసుపుగా నుండును. మద్యపు ఆవిరి సోకినచో ఆ పసుపు తరిగి, ఆకుపచ్చ తేలును. ద్రవము గుండ వెలుగును పంపి, ఆ మార్పును ఫోటోసెల్‌తో కొలుచు ఏర్పాటు నతడు చేసెను. అంతటితో తీర్పు చెప్పు పని మనిషి కంటినుండి యంత్రమునకు మారినది.

ఊపిరితిత్తుల లోతునుండి వచ్చు 2100 మిల్లీలీటర్ల గాలిలో నున్నంత మద్యము, 1 మిల్లీలీటరు రక్తములో నుండునని లెక్క. నేటి యంత్రములు కొన్ని రంగుద్రవము లేకయే, పరారుణ కిరణములను మద్యపు ఆవిరి ఎంత మ్రింగినదో నేరుగా కొలుచును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షనులో, 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములను మించి మద్యము శ్వాసపరీక్షలో తేలినచో బండి నడుపుట నేరమని చెప్పుచున్నది.

గంజాయి విషయము వేరు. మద్యము నీటిలో కలియును. రక్తములో నున్నదానికి తగినట్లు ఊపిరిలోను కనబడును. గంజాయిలో మత్తు కలిగించు టి.హెచ్.సి. అను పదార్థము కొవ్వులో కరుగును. అది శరీరపు కొవ్వులో దాగి, మెల్లమెల్లగా వెలికి వచ్చును. నిత్యము సేవించువాని మూత్రములో దాని జాడ వారములతరబడి నిలువవచ్చును. మత్తు మాత్రము కొన్ని గంటలలో దిగిపోవును. నిన్నటి వంట వాసన ఇంటిలో నున్నంతమాత్రమున పొయ్యి ఇప్పుడు మండుచున్నదనరాదు గదా! కావున జాడను గాక, మత్తునే చూడగల సాధనము కావలసివచ్చెను.

చీకటిలో టార్చిలైటును అరచేతితో మూసి చూడుడు. వ్రేళ్ల అంచులు ఎఱ్ఱగా వెలుగును. ఎఱ్ఱని వెలుగు మాంసములోనికి కొంత చొరగలదనుటకిది నిదర్శనము. ప్రాణవాయువును మోయు రక్తమును, దానిని విడిచిన రక్తమును ఈ వెలుగును వేరువేరుగా మ్రింగును. ఈ భేదమును ఆధారముగా గొని జపానులో టకువో అయోయాగి 1974లో పల్స్ ఆక్సీమీటరు సూత్రమును ప్రకటించెను. కరోనా కాలమున వ్రేలికి తగిలించి చూచుకొన్న చిన్న పరికరము అదియే. 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఫ్రాన్స్ యోబ్సిస్, ఎఱుపునకు చేరువగానుండు పరారుణ కిరణములు పుర్రెను దాటి మెదడునకు చేరి తిరిగి రాగలవని చూపెను.

మెదడులో ఏ భాగము ఎక్కువ పనిచేయునో అచటికి ప్రాణవాయువుతో కూడిన రక్తము హెచ్చుగా చేరును. నుదుటికి దీపములు, గ్రాహకములు గల పట్టీ కట్టి, దానిని కొలువవచ్చును. బోస్టన్ నగరమునందలి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు 169 మందికి టి.హెచ్.సి.ని గాని, అది లేని ఉత్తమాత్రను గాని ఇచ్చి, మందుకు ముందును తరువాతను ఇట్లు పరీక్షించి, 2022లో ఫలితములను ప్రకటించిరి. మత్తు కలిగినవారి మెదడు ముందుభాగమున ప్రాణవాయువుతో కూడిన రక్తపు గుర్తు హెచ్చెను. దానిని బట్టి కంప్యూటరు చేసిన నిర్ణయములు నూటికి సుమారు 76 సరిపోయినవి.

ఇది మెచ్చదగిన విజయము. కాని నాలుగింట ఇంచుమించు ఒకటి తప్పినదనియు దీని అర్థము. అట్టి పరీక్ష నొక్కదానినే నమ్మి ఒకనిని చెరసాలకు పంపవచ్చునా? కూడదు. వెలుగు సయితము మోసపోవచ్చును. పల్స్ ఆక్సీమీటర్లు నల్లని చర్మముగలవారిలో ప్రాణవాయువు కొరతను తెల్లవారిలోకంటె తరచుగా గుర్తింపలేకపోవుచున్నవని 2020లో అమెరికాలో తేలినది. మందునీటితో అప్పుడే నోరు పుక్కిలించినవాని ఊపిరియు అబద్ధము చెప్పగలదు. అందుకే శ్వాసపరీక్షకు ముందు పదునైదు నిముషములు వేచియుండు పద్ధతి ఏర్పడినది.

సాధనము ఎంత సూక్ష్మమైనను, దాని లోపమును గూడ కొలిచి చెప్పుట శాస్త్రధర్మము. ఆ లోపమును లెక్కలోనికి తీసికొనుట న్యాయధర్మము. ఈ రెండును కలిసిననాడే దారిని పోవువాని ప్రాణమునకును, నిరపరాధి మానమునకును రక్షణ కలుగును.

ప్రశ్నలు
1. బోర్కెన్‌స్టీన్ యంత్రము హార్గర్ యంత్రముకంటె ఏ విధముగా మేలైనది?
2. గంజాయి మత్తును రక్తపరీక్షచే నిర్ణయించుట ఏల కష్టము?
3. “వెలుగు సయితము మోసపోవచ్చును.” ఉదాహరణములతో వివరింపుము.