నా పేరు – నా ఓటు



మొన్న రాత్రి మన సెంటరులో ఒక అవ్వ పలక మీద తన పేరు రాసింది. రాసి నన్ను అడిగింది: "పేరు రాసుడు వచ్చింది. మంచిదే. దీంతోని ఏమొస్తది బిడ్డా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు మన దేశం మొదటి రోజుల కథలో ఉంది. చదువుదాం.

వెట్టి కాలం

అప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లా హైదరాబాదు రాజ్యంలో ఉండేది. నిజాం రాజు. ఊళ్లో దొర చెప్పిందే చట్టం. దొర ఇంట్లో, పొలంలో జనం వెట్టి చేయాలి. వెట్టి అంటే కూలి లేని పని. "నీ బాంచన్ దొరా" అనాలి. ఎదురు మాట్లాడరాదు.

జనం తిరగబడ్డారు. ఆడవాళ్లూ ముందుకొచ్చారు. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు చిన్న వయసులోనే పోరాటంలో దిగారు. 1948 సెప్టెంబరు 17న నిజాం పాలన పోయింది. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది.

పెద్ద చట్టం

1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. రాజ్యాంగం అంటే దేశమంతటికీ పెద్ద చట్టం. మిగతా చట్టాలన్నీ దీనికి లోబడి ఉండాలి. దీని ముసాయిదా రాసిన సంఘానికి డాక్టర్ అంబేద్కర్ గారు అధ్యక్షులు. రాజ్యాంగ సభలో 15 మంది ఆడవాళ్లు ఉన్నారు. మన తెలుగు ఆడబిడ్డ దుర్గాబాయి గారు వారిలో ఒకరు.

రాజ్యాంగం 23వ అధికరణం ఏం చెప్తుంది? వెట్టి చేయించడం నేరం అని చెప్తుంది. 326వ అధికరణం ఏం చెప్తుంది? వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు అని చెప్తుంది. ఆడా మగా తేడా లేదు. భూమి ఉందా అని అడగదు. చదువు వచ్చా అని అడగదు. అప్పుడు ఓటు వయసు 21 ఏళ్లు. 1989 నుంచి 18 ఏళ్లు.

ఇది చిన్న సంగతి కాదు. అమెరికా సంగతి చూడండి. అక్కడ రాజ్యాంగం 1789లోనే అమలైంది. కానీ దేశమంతటా ఆడవాళ్లకు ఓటు 1920లో గాని రాలేదు. అంటే 131 ఏళ్లు ఆగాలె. అక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వారికి చదువు పరీక్ష పెట్టి, ఓటు వేయకుండా చేసేవారు. 1965లో కొత్త చట్టం వచ్చి ఆ పరీక్షలను ఆపింది. మన దగ్గర చదువు రాని తల్లికి కూడా మొదటి ఎన్నికల్లోనే ఓటు వచ్చింది.

మొదటి ఓటు

1952లో మన జిల్లాలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు బొమ్మ. నచ్చిన పెట్టెలో చీటీ వేస్తే చాలు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు పార్లమెంటుకు గెలిచారు. ఆయనకు ప్రధాని నెహ్రూ గారి కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరు నుంచి శాసనసభకు గెలిచారు. పోరాడిన ఆడది చట్టం చేసే సభలో కూర్చుంది. స్వరాజ్యం గారు కూడా 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు.

పోయిన పేర్లు

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వద్దాం. ఆ మొదటి ఎన్నికలకు జాబితా రాసేవాళ్లు ఇంటింటికీ తిరిగారు. "అమ్మా, నీ పేరేంది?" అని అడిగారు. చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా పిల్లగాని తల్లిని" అన్నారు. ఎన్నికల ప్రధాన అధికారి సుకుమార్ సేన్ గారు అట్లా రాస్తే చెల్లదు, సొంత పేరు కావాలి అన్నారు. గడువు ఇచ్చారు. అయినా దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు జాబితాలో లేకుండా పోయారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లు.

చట్టం ఓటు ఇచ్చింది. కానీ పేరు చెప్పనందుకు ఓటు పోయింది. చూశారా, పేరు ఎంత పని చేస్తుందో!

మనం చేయవలసినవి

చేతిలో ఓటరు కార్డు ఉంటే చాలదు. జాబితాలో పేరు ఉండాలి. కొత్తగా పేరు ఎక్కించడానికి 6వ నంబరు ఫారం నింపాలి. తప్పు దిద్దడానికి, పెండ్లయి అత్తగారి ఊరికి మార్చుకోవడానికి 8వ నంబరు ఫారం. మీ పోలింగు బూతు అధికారిని అడగండి.

మరునాడు ఆ అవ్వ జాబితా చూసింది. వేలు పెట్టి తన పేరు వెదికింది. ఒక అక్షరం తప్పు పడింది. "ఇది నా పేరు కాదు. దిద్దుమని రాస్తా" అన్నది. ఫారం కింద తన చేత్తో సంతకం పెట్టింది.

ఆలోచించండి – మాట్లాడండి

1. వెట్టి అంటే ఏమిటి? మీ ఊరి పెద్దలు దాని గురించి ఏం చెప్తారు?
2. 28 లక్షల మంది పేర్లు ఎందుకు పోయాయి?
3. మీ ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ల పేర్లు జాబితాలో ఉన్నాయి? చూసి, ఒక్కొక్క పేరూ పలక మీద రాయండి.