పడిగె మీది బొమ్మ ఎవరిది?



ఈ నెల గోడపత్రికకు "నేటి చిత్రకళ" మీద రాయమని డ్రాయింగ్ సార్ నాకు చెప్పారు. నేటి చిత్రకళ అంటే హైదరాబాదులో పెద్దోళ్ళు కొనుక్కొని గోడకు తగిలించే బొమ్మలే అని మన క్లాసులో చాలామంది అనుకుంటున్నారు. నేను మాత్రం మన పడిగెతో మొదలు పెడతాను.

మన దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ పిల్లలకు పడిగె అంటే తెలుసు. మిగతా వాళ్ళ కోసం చెప్తున్నా. అది పొడవాటి మూడు మూలల గుడ్డ. దాని మీద గట్టు పుట్టుక, మూలపురుషులు, వేల్పులు బొమ్మలుగా ఉంటాయి. కొన్ని రంగుతో గీసినవి, కొన్ని రంగు గుడ్డముక్కలు కత్తిరించి కుట్టినవి. కొలుపు నాడు డోలి వాళ్ళు డోలు కొడుతూ ఆ కథ చెప్తారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటాం కదా, ఎవరికి ఎవరు అన్నదమ్ముల వరస, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చు అనేది ఆ కథను బట్టే. అంటే ఇది ఊరికే చూసుకునే బొమ్మ కాదు, దీన్ని బట్టి పెళ్ళిళ్ళు కుదురుతాయి.

మణుగూరు మండలం కూనవరం డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడిలో చదువుకోలేదు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ అంతా నోటికే చెప్పేవారు. 2024 జూన్‌లో చనిపోయారు. పడిగె పెట్టెలో భద్రంగానే ఉంటది, కానీ బొమ్మను చూపించి ఇది ఫలానా అని చెప్పే పెద్దాయన లేకపోతే మనం దాన్ని చూసి ఏం చెప్పగలం?

ఇప్పుడు ఇంకో రాష్ట్రం సంగతి. ఆదిలాబాదు గోండులకు ప్రధాన్లు కథలు పాడినట్టే, మధ్యప్రదేశ్ గోండులకు కూడా ప్రధాన్లే పాడేవారు. మనకు డోలి వాళ్ళ లాగ అన్నమాట. అక్కడ పాటన్‌గఢ్ అనే ఊళ్ళో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుడు ఉండేవాడు. భోపాల్‌లో భారత్ భవన్ 1982లో మొదలైంది. అందులో పనిచేసే చిత్రకారుడు జె. స్వామినాథన్ ఈయన పనితనం గుర్తించి భోపాల్ రప్పించారు. పాటలో ఉన్న దేవుళ్ళను ఆయన చుక్కలతో, గీతలతో కాగితం మీదికి తెచ్చాడు. 1989లో పారిస్ ప్రదర్శనకు కూడా ఆయన బొమ్మలు వెళ్ళాయి.

ఆయన బంధువే భజ్జు శ్యామ్. భోపాల్‌లో రాత్రి వాచ్‌మన్‌గా చేశాడు. తర్వాత లండన్‌లో ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేసే పని దొరికింది. అక్కడి పెద్ద గడియారాన్ని కోడిపుంజుగా గీశాడు, ఎందుకంటే ఊళ్ళో టైం చెప్పేది కోడే కదా! (నాకు ఈ బొమ్మే అన్నిటికన్నా నచ్చింది.) అవన్నీ 2004లో పుస్తకంగా వచ్చాయి. 2018లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మకు రాజకీయాలతో ఏం పని అని అడిగేవాళ్ళు "భీమాయన" పుస్తకం సంగతి వినాలి. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు అంబేద్కర్ జీవితాన్ని గోండు పద్ధతిలో గీశారు. 2011లో అచ్చయింది. చిన్నప్పుడు బడిలో ఆయనను నీళ్ళు ముట్టనివ్వని సంగతి అందులో ఉంది. మంచి మాట అన్నవాళ్ళ మాటలు పిట్ట ఆకారంలో, కుట్టే మాటలు తేలు తోకతో ఉంటాయి. చదువు రానివాళ్ళు కూడా ఎవరు ఎట్లాంటి వాళ్ళో పట్టేస్తారు.

అయితే అంతా బాగానే జరిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. జన్‌గఢ్ ఒప్పందం మీద జపాన్‌లో ఒక మ్యూజియంకు బొమ్మలు వేయడానికి వెళ్ళి, 2001లో ఇంటికి దూరంగా అక్కడే చనిపోయాడు. అడవి బిడ్డల చేత ఏ షరతుల మీద, ఎంత జీతానికి బొమ్మలు వేయిస్తున్నారని తోటి కళాకారులు అప్పుడు గట్టిగా అడిగారు. మన పడిగె బొమ్మలు రేపు చీరల మీద, గోడల మీద వస్తే మనమూ అదే అడగాలి. డబ్బు ఎవరికి పోతుంది? కింద ఎవరి పేరు ఉంటుంది? నా ఉద్దేశంలో కొలుపులో ఎత్తే పడిగెను అట్లనే దించి అమ్మకూడదు. మన కథలను, మన గోదావరిని, ఇప్పపూల కాలాన్ని మన చేత్తో కొత్తగా గీసి అమ్ముకుంటే తప్పులేదు.

"బొమ్మలేస్తే కడుపు నిండుద్దా?" అని మా నాయన అడుగుతాడు. అందరికీ నిండదు, నిజమే. కానీ దారులు లేకపోలేదు. ఏడో తరగతి పాసైతే ప్రభుత్వ డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష రాయొచ్చు, తర్వాత హయ్యర్. ఇంటర్ అయ్యాక హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ళ బీఎఫ్ఏ ఉంది. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ నేర్పుతారు. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయాలి, కాబట్టి రోజూ చేయి తిప్పడం అలవాటు ఉండాలి. అప్లైడ్ ఆర్ట్ వాళ్ళకు పుస్తకాలు, ప్రకటనలు, ప్యాకింగ్ డబ్బాల పని ఉంటుంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ గట్టు కథ డోలి పెద్దల దగ్గర అడిగి నోటుబుక్కులో రాసుకు రండి, బొమ్మలు నేను వేస్తా. చెప్పినవారి పేరు, ఊరు మొదటి లైనులోనే రాయండి. వాళ్ళను అడగకుండా పడిగెకు ఫోటో తీయొద్దు.