పండుగ ముందటి వారము

1843 డిసెంబరు 19వ తేదీన, క్రిస్మస్ పండుగకు ఆరు దినములు ముందుగా, లండను నగరమున 'ఎ క్రిస్మస్ కెరొల్' అను చిన్న కథాగ్రంథము వెలువడెను. దాని కర్త చార్లెస్ డికెన్సు.

అప్పటి కాతని వయస్సు 31 ఏండ్లు. ఇంట నలుగురు బిడ్డలు. భార్య కేథరిన్ నిండుచూలాలు. నెలనెలా భాగములుగా వ్రాయుచున్న నవల యొకటి ఆశించినంతగా అమ్ముడుపోకుండెను. అప్పుల బాధ యెట్టిదో డికెన్సు బాల్యముననే యెరుగును. 1824లో తండ్రి ఋణము తీర్చలేక చెరసాల పాలయ్యెను. ఆ యేడు పండ్రెండేండ్ల ఈ బాలుడు బూట్లకు పూయు నల్లరంగు సీసాలకు కాగితము లంటించి కూలి సంపాదించెను.

ఆ భయమే తరిమినదేమో, ఆరు వారములలో కథ ముగించెను. వ్రాయుచు ఏడ్చెను, నవ్వెను. రాత్రివేళల పదిహేను, ఇరువది మైళ్లు లండను వీధులలో నడచెను.

పండుగ ముందురోజునకే 6,000 ప్రతులు చెల్లిపోయెను. కాని పసిడి అంచులు, రంగుబొమ్మలు కూర్చి, వెల అయిదు షిల్లింగులే నిర్ణయించెను. వ్యాపారము తెలిసినవాడు చేయు పని కాదిది! వేయి పౌండ్ల నాశించినవానికి 230 మాత్రమే దక్కినట్లు మరుసటి ఫిబ్రవరిలో లెక్కలు వచ్చెను.

పండుగ దినములలో ఆ సంగతి యాతనికి దెలియదు. మిత్రుడైన నటుడు మాక్రెడీ అమెరికాలో నుండగా, అతని యింట జరిగిన పిల్లల వేడుకకు పోయి, డికెన్సు గంటసేపు గారడీ చేసెను. టోపీలో పచ్చి పిండి, గ్రుడ్లు వేసి, పొగలు గ్రక్కు పుడ్డింగును పైకి దీసి చూపెను.