దేన్ని వదులుకున్నారో చూడు

చిరంజీవి మేనకోడలికి,

నువ్వు గేమ్ ప్రోగ్రామింగ్ కోర్సులో చేరిన సంగతి మీ అమ్మ చెప్పింది, సంతోషం. లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ వేసుకుని జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ ఆటలు కొన్ని ఆడి చూశానని రాశావు. బొమ్మలు మొరటుగా ఉన్నాయన్నావు, ఒకదాని రంగు ఇంకొకదానికి అంటుకుంటోందన్నావు, పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందన్నావు. "నలభై ఏళ్ల కిందటి ఈ ఆటల్లో నేను నేర్చుకోవాల్సింది ఏముంది మావయ్యా?" అని అడిగావు.

నీ ఫిర్యాదులు మూడూ సరైనవే. వాటి వెనక ఏ లెక్క ఉందో చూడడమే నీకు మొదటి పాఠం. ఆటలో ఏమేం పెట్టాలా అని నువ్విప్పుడు ఆలోచిస్తుంటావు. ఏం వదులుకోవాలో తేల్చుకోవడం కూడా ఆ పనిలో సగం. ఆ సగం ఇప్పటి యంత్రాల మీద కంటికి కనబడదు. స్పెక్ట్రమ్ మీద మాత్రం తెర నిండా కనిపిస్తుంది.

ముందు యంత్రం సంగతి. కేంబ్రిడ్జ్‌లోని క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ దీన్ని 1982 ఏప్రిల్ 23న విడుదల చేసింది. 16 కేబీ మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48 కేబీది 175 పౌండ్లు. రబ్బరు మీటలు, ఇంట్లో ఉన్న టీవీయే తెర, పాటలు వినే క్యాసెట్ రికార్డరే నిల్వ. బ్రిటన్‌లో ఎందరో పిల్లలు దీని మీదే ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. మన దేశంలోనూ 80వ దశకంలో డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ను డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మింది. లోపల 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80ఏ ప్రోసెసర్. బొమ్మల్ని కదిలించడానికి వేరే చిప్ లేదు, శబ్దానికి వేరే చిప్ లేదు. అన్నీ ఆ ఒక్క ప్రోసెసరే చేసుకోవాలి.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకో. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. మొత్తం 49,152. ఒక్కో చుక్కకు రంగు చెప్పడానికి ఒక్కో బైటు ఇచ్చామనుకో, 49,152 బైట్లు కావాలి. 48 కేబీ అంటే కూడా సరిగ్గా 49,152 బైట్లే! తెర ఒక్కటే మెమరీ మొత్తాన్ని మింగేస్తే ఆట ఎక్కడ పెట్టాలి?

అందుకని తయారుచేసినవాళ్లు ఇలా చేశారు. చుక్క వెలిగిందా లేదా అన్నంత వరకే ఒక్కో చుక్కకు ఒక్కో బిట్ ఇచ్చారు. దానికి 6,144 బైట్లు సరిపోయాయి. రంగుల కోసం తెరను లెక్కల నోటుపుస్తకంలో గళ్ల కాగితంలా విభజించారు. ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గడి ఒక్కోదానికి ఒక్క బైటు. అందులో గీత రంగుకు మూడు బిట్లు, వెనక రంగుకు మూడు బిట్లు, కాంతికి ఒకటి, మిణుకుమిణుకుమనడానికి ఒకటి. 32 గళ్లు అడ్డం, 24 నిలువు, మొత్తం 768 బైట్లు. అన్నీ కలిపితే 6,912. మొదట లెక్కేసినదాంట్లో దాదాపు ఏడో వంతు.

నీ ఫిర్యాదుకు జవాబు అక్కడ దొరికింది చూడు. ఒక గడిలో రెండు రంగులే ఉండాలి. తెల్ల మనిషి పచ్చ చెట్టు ముందు నుంచి నడిస్తే, ఇద్దరూ ఉన్న గడిలో ఎవరో ఒకరు రంగు మార్చుకోక తప్పదు. దాన్ని ఆ ఆటల ప్రియులు "కలర్ క్లాష్" అంటారు. యంత్రం చెడిపోలేదు, రంగుల్లో నాణ్యత తగ్గించి మెమరీ మిగుల్చుకుంది. ఆట రాసే ప్రతివాడూ ఆ బేరాన్ని తన పద్ధతిలో మళ్లీ ఆడాల్సివచ్చింది. వాళ్లు రాసిన మూడు ఆటల సంగతి చెబుతాను.

మొదటిది మానిక్ మైనర్. 1983లో బగ్-బైట్ సంస్థ ప్రచురించింది. రాసింది మాథ్యూ స్మిత్, ఇంకా ఇరవై నిండని కుర్రాడు. మైనర్ విల్లీ అనే గని కార్మికుడు ఇరవై గుహల్లో, గాలి అయిపోయేలోపల, వస్తువులు ఏరుకుని బయటపడాలి. ఒక్కో గుహ తెరలో పై మూడింట రెండు వంతులు, అంటే 32 గళ్ల అడ్డం, 16 గళ్ల నిలువు. ఆ భాగాన్ని బొమ్మగా దాస్తే 4,608 బైట్లు, ఇరవైకి 92,160. యంత్రంలో ఉన్న మెమరీకి దాదాపు రెట్టింపు. స్మిత్ గుహకు 1,024 బైట్లతో సరిపెట్టాడు. ఎలాగో చూడు. ఒక గుహలో నేల, కూలే నేల, గోడ, చంపే ముళ్లు, ఇలా ఎనిమిది రకాల గళ్లే. ఒక్కో రకానికి బొమ్మ ఎనిమిది బైట్లు, రంగు ఒక బైటు. తర్వాత గుహ పటంగా 512 రంగు బైట్లు రాసుకున్నాడు. ఏ గడిలో ఏముందో ప్రోగ్రాముకు ఆ రంగే చెబుతుంది. విల్లీ కాలు పెట్టిన గడి రంగు చూసి అది నేలా, ముల్లా అని తేలుస్తుంది.

ఆ ఆలోచన ముందు నేనిప్పటికీ తల వంచుతాను తల్లీ. తెర మీద చూపించడానికి ఎలాగూ రంగు బైటు ఉండాల్సిందే. దానితోనే గడి జాతిని గుర్తుపట్టించాడు. అందుకు బదులుగా వదులుకున్నది చిత్రకారుడి స్వేచ్ఛ: ఒకే గుహలో నేలకూ గోడకూ అచ్చం ఒకే రంగు జత ఇవ్వడానికి లేదు. ఆడేవాడికి కూడా దాంతో మేలే జరిగింది. ఏది తొక్కొచ్చో, ఏది తొక్కకూడదో ఒక్క చూపులో తెలుస్తుంది.

పాట ముక్కలవడం కూడా ఈ ఆటతోనే అర్థం చేసుకో. స్పెక్ట్రమ్ స్పీకర్‌కు ప్రోసెసర్ ఇచ్చేది ఒకే ఒక బిట్. దాన్ని వేగంగా మార్చుతూ ఉంటేనే స్వరం వస్తుంది, ఆ మార్చేంతసేపూ ప్రోసెసర్‌కు వేరే పని చేసే వీల్లేదు. విల్లీని కదిలించాలి, శత్రువుల్ని కదిలించాలి, పాటా వినిపించాలి. స్మిత్ ఆట ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా స్వరంలో ఒక చిన్న తునక వాయించి మళ్లీ పనిలోకి వెళ్లాడు. నార్వే స్వరకర్త గ్రీగ్ బాణీ అలా తడబడుతూ వినిపిస్తుంది. తెగకుండా వాయించాలంటే ఆట ఆగిపోవాలి. ఆ రెండింట్లో ఏది కావాలో నువ్వే చెప్పు.

రెండోది నైట్ లోర్, 1984. లీసెస్టర్‌షైర్‌లో ఆష్బీ-డి-లా-జూష్ అనే చిన్న ఊరి నుంచి పనిచేసిన అల్టిమేట్ సంస్థది. దాని వెనక ఉన్నవాళ్లు టిమ్, క్రిస్ స్టాంపర్ అన్నదమ్ములు. గదిని మూల నుంచి ఏటవాలుగా చూపిస్తారు. దిమ్మెల్ని తోయొచ్చు, వాటి మీదికెక్కొచ్చు, వాటి వెనక్కి వెళ్లి కనబడకుండా పోవొచ్చు. ఒక వస్తువు వెనకకు ఇంకోటి వెళ్లే ఈ తరహా ఆటలో గళ్ల రంగులు పెడితే తెర అంతా కలగాపులగం అవుతుంది. స్టాంపర్లు రంగుల్ని వదిలేశారు. గదంతా ఒకే రంగు, ఇంకో గదికి ఇంకో రంగు. క్లాష్‌కు చోటే లేకుండా పోయింది.

ఇక్కడ ఇంకొక చెల్లింపు కూడా ఉంది. వెనకనున్నది కనిపించకుండా ముందు బొమ్మ నిలబడాలంటే, ప్రతి బొమ్మకూ దాని ఆకారంలోనే ఒక ముసుగు బొమ్మ కూడా దాచాలి. ముసుగుతో వెనకది చెరిపి, ఆ ఖాళీలో బొమ్మ వేయాలి. మెమరీ ఖర్చూ పెరిగింది, పనీ పెరిగింది. అందుకే గదిలో కదిలే వస్తువులు ఎక్కువైతే ఆట నెమ్మదిస్తుంది. రంగునూ, కొంత వేగాన్నీ ఇచ్చి లోతును కొనుక్కున్నారు. బేరం గిట్టుబాటైంది: ఆ తర్వాత చాలామంది ఆ దారినే నడిచారు. జాన్ రిట్‌మన్, బెర్నీ డ్రమ్మండ్ 1987లో చేసిన హెడ్ ఓవర్ హీల్స్ వాటిలో చాలా మంచిది, తప్పక ఆడు.

మూడోది లార్డ్స్ ఆఫ్ మిడ్‌నైట్, ఇదీ 1984దే. రాసింది మైక్ సింగిల్టన్. మంచు దేశం మీద యుద్ధం. దాదాపు 4,000 చోట్లు, ఒక్కో చోట నిలబడి ఎనిమిది దిక్కులకు చూడొచ్చు. అంటే దాదాపు 32,000 దృశ్యాలు. వాటిలో ఒక్కదాన్నీ దాచలేదు. ఏ చోట కొండ ఉందో, ఏ చోట అడవి ఉందో, ఏ చోట కోట ఉందో అంతవరకే రాసుకున్నాడు. నువ్వు ఉత్తరానికి తిరగగానే ఆ దిక్కున ఉన్నవాటిని దూరాన్ని బట్టి చిన్నవిగానో పెద్దవిగానో గీసి చూపిస్తుంది ప్రోగ్రాము. లెక్కగట్టి తెచ్చుకోగలిగినదాన్ని దాచిపెట్టకపోవడమే ఇక్కడి కిటుకు. దీనికి బదులు వదులుకున్నది నడక: అడుగులు వేస్తూ సాఫీగా ముందుకు సాగడం ఉండదు, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఒక్కసారిగా మారిపోతాం. మారిన దృశ్యాన్ని నిదానంగా చూసి ఆలోచించుకునే ఆట కాబట్టి ఆ లోటు బాధించదు. ఏం వదులుకోవాలన్నది ఆట స్వభావాన్ని బట్టి తేలుతుందని గుర్తుంచుకో.

ఈ గొప్పలన్నీ విని మెమరీకి హద్దు ఎక్కడుందో మరిచిపోయేవు. స్మిత్ రెండో ఆట జెట్ సెట్ విల్లీ, 1984. అందులో ఆటిక్ అనే గదిలోకి వెళ్తే అక్కడ ఎగిరే బాణం తెర మెమరీ హద్దు దాటి పోయి, ఇతర గదుల సమాచారం మీద రాసేస్తుంది. తర్వాత ఆ గదుల్లో అడుగు పెట్టిన విల్లీ చచ్చిపోతాడు, ఆట పూర్తి చేయడం అసాధ్యం. ప్రచురణ సంస్థ మొదట అది కావాలని పెట్టిందేనని చెప్పి, తర్వాత సవరణలు ప్రకటించింది. నీ యంత్రం హద్దు దాటితే చాలాసార్లు హెచ్చరిస్తుంది. ఆ యంత్రం చెప్పదు. చెప్పినా చెప్పకపోయినా హద్దు చూసుకోవాల్సింది రాసేవాడే.

ఇక నీకు పని. మొదట ఎమ్యులేటర్‌ను బేసిక్‌లో పెట్టి "పోక్ 22528, 16" అని కొట్టు. తెర పై ఎడమ మూల గడి ఎర్రబడుతుంది. "పోక్ 22529, 32" అంటే పక్కది పచ్చబడుతుంది. రంగుల మెమరీ 22528 నుంచే మొదలవుతుంది. తర్వాత క్యాసెట్ లోడింగ్‌ను త్వరపెట్టకుండా మామూలు వేగంతో ఒక్కసారి చూడు. సెకనుకు దాదాపు 1,500 బిట్లు కాబట్టి ఒక ఆట ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టొచ్చు. ఎక్కేటప్పుడు తెర బొమ్మ చూపే ఆటల్లో చాలావాటికి మొదట చుక్కలు వచ్చి, చివర్లో రంగులు పడతాయి. నేను పైన రాసిన 6,144, 768 లెక్క కళ్ల ముందు జరుగుతుంది.

చివరగా, కోర్సులో నువ్వు చేస్తున్న ఆటలో ఒక తెరను తీసుకుని గడికి రెండు రంగులే అన్న నియమంతో మళ్లీ గీసి పంపు. దానితోపాటు ఒక జాబితా కూడా పెట్టు: ఏం వదులుకున్నావు, అందుకు బదులు ఏం సంపాదించావు. సంపాదించింది లేని చోట వదులుకోవడం దండగ. ఆ వరుసల్ని కొట్టేసి మళ్లీ ఆలోచించు. బొమ్మ బాగుందా లేదా అని నేను చూడను, జాబితా మాత్రం వరుసవరుసా చదువుతాను.

అమ్మకు నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య