తుంటిలో లోహం ఉంటే సీటీ స్కాన్ ఎలా చేయించాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నర్సీపట్నం దగ్గర బలిఘట్టం. మా అమ్మకి 71 ఏళ్లు. మూడేళ్ల కిందట జారిపడి ఎడమ తుంటి విరిగితే విశాఖలో ఆపరేషన్ చేసి బంతి మార్చారు. నెల రోజులుగా మూత్రంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. నొప్పేమీ లేదు. డాక్టరు గారు పొట్టకి సీటీ స్కాన్ రాశారు. తుంటిలో లోహం ఉన్నవాళ్లకి రేడియేషన్ ఎక్కువ పడుతుందని, అయినా బొమ్మ సరిగా రాదని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. చేయించమంటారా, ఆగమంటారా?

జవాబు: చేయించండి, ఆలస్యం వద్దు. ఈ వయసులో నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే కారణం తేలేదాకా వదలకూడదు. మూత్రపిండాల్లోనో మూత్రాశయంలోనో కణితి ఉంటే మొదట కనిపించేది చాలాసార్లు ఈ లక్షణమే. రేడియేషన్ భయంతో ఈ పరీక్షను వాయిదా వేస్తే జరిగే నష్టం, స్కాన్ వల్ల జరిగే నష్టం కంటే చాలా పెద్దది.

అయితే మీరు విన్నదాంట్లో నిజం లేకపోలేదు. సీటీ యంత్రం అసలు స్కాన్‌కి ముందు ఛాతీ అడుగు నుంచి తొడల దాకా ఒక పలుచని ఎక్స్‌రే లాంటి బొమ్మ తీసుకుంటుంది. దాన్నిబట్టి శరీరం ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలుచగా ఉందో చూసుకుని, ఎక్కడ ఎంత కిరణాలు వదలాలో తనంతట తానే లెక్కవేసుకుంటుంది. మామూలు మనిషికి ఇది మేలు చేసే ఏర్పాటే, అనవసరమైన డోసు తగ్గుతుంది. తుంటిలో లోహం ఉన్నప్పుడు మాత్రం లెక్క తప్పుతుంది. కిరణాలు దాటలేకపోవడం చూసి ఇక్కడ శరీరం బాగా మందంగా ఉందనుకుని యంత్రం డోసు పెంచేస్తుంది. కొన్నిసార్లు దాని గరిష్ఠ హద్దు దాకా పోతుంది. ఇనుప తలుపు మీద టార్చిలైటు ఎంత గట్టిగా వేసినా అవతలి గది కనిపించనట్టే, పెంచిన డోసుతో లోహం వెనకున్నది పెద్దగా తేటపడదు. తెల్లటి, నల్లటి చారలు అలాగే ఉంటాయి. ఆ అదనపు కిరణాలు మాత్రం చుట్టూ ఉన్న పేగులకీ, మూత్రాశయానికీ, గర్భాశయానికీ తగులుతాయి.

దీన్ని ఆపడం టెక్నీషియన్ చేతిలో పనే, కానీ మీ అమ్మగారి తుంటిలో లోహం ఉందని ఆయనకి ముందే తెలియాలి. బల్ల మీద పడుకోబెట్టాక కాదు, పేరు రాయించేటప్పుడే చెప్పండి. తెలిస్తే డోసుకి పైహద్దు పెట్టవచ్చు. సాధారణంగా 120 కిలోవోల్టుల దగ్గర తీసేదాన్ని, లోహం ఉన్నప్పుడు 140కి పెంచి కరెంటు తగ్గించవచ్చు. ఆ శక్తి గల కిరణాలు లోహాన్ని కొంత మెరుగ్గా దాటుతాయి. ఆ తర్వాత చారల్ని తుడిచే సాఫ్ట్‌వేర్ ఉంది. సీమెన్స్ యంత్రాల్లో ఐమార్, ఫిలిప్స్‌లో ఓమార్, జీఈలో స్మార్ట్ మార్, కెనాన్‌లో సెమార్ అని పేర్లు. ఇవి కొత్త కిరణాలేమీ వదలవు. అప్పటికే వచ్చిన సమాచారంలో లోహం పాడుచేసిన భాగాన్ని గుర్తించి, చుట్టూ ఉన్నదాన్నిబట్టి పూరిస్తాయి. అందుకే డోసు తగ్గించి కూడా చదవదగ్గ బొమ్మ తీయగలుగుతున్నాం. ఈ సాఫ్ట్‌వేర్ వాడిన బొమ్మతో పాటు వాడని బొమ్మనీ నేను పక్కన పెట్టుకుని చూస్తాను. పూరించే క్రమంలో అది ఒక్కోసారి లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది.

మీ అమ్మగారి విషయంలో అసలు చిక్కు ఇంకోటి. మూత్రాశయం సరిగ్గా రెండు తుంటి కీళ్ల మధ్యే ఉంటుంది. చారలు పడేదీ అక్కడే. అలాగని మూత్రాశయాన్ని తేటగా చూడడానికి అక్కడ డోసు పెంచమని నేను ఎప్పుడూ అడగను. ఎందుకంటే ఈ లక్షణంతో వచ్చిన పెద్దవాళ్లకి మూత్రాశయం లోపల సన్నని కెమెరా గొట్టంతో చూసే సిస్టోస్కోపీ ఎలాగూ చేయాలి. మూత్రాశయం గోడని అది సీటీ కంటే బాగా చూపిస్తుంది. సీటీ చేయాల్సిన పని మూత్రపిండాలు, వాటి నుంచి దిగే నాళాలు చూడడం. వాటిలో చాలా భాగం తుంటి కంటే పైనే ఉంది, లోహం అడ్డు రాదు.

డోసు ఎక్కువగా ఆదా అయ్యే చోటు ఇంకొకటి ఉంది. ఈ స్కాన్‌ని చాలాచోట్ల మూడు విడతల్లో తీస్తారు: రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి, మందు మూత్రంలోకి దిగాక ఇంకోసారి. ఒక్కో విడత ఒక్కో స్కాన్‌తో సమానం. మొదటి విడతని బాగా తక్కువ డోసుతో తీయవచ్చు. మందుని రెండు భాగాలుగా ఎక్కించి, తర్వాతి రెండు విడతల్ని ఒక్కటి చేయవచ్చు. “ఎన్ని ఫేజులు తీస్తారండీ, తగ్గించే వీలుందా?” అని రేడియాలజిస్టుని అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. లోహం సంగతి ఎంత ముఖ్యమో, ఈ ఒక్క ప్రశ్న అంతకంటే ముఖ్యం.

పొట్ట, కటి భాగానికి ఒక్క విడత సీటీ తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు పడుతుంది. నేల నుంచీ, గాలి నుంచీ, ఆకాశం నుంచీ ప్రపంచంలో ప్రతి మనిషికీ సహజంగా అందేది ఏడాదికి సగటున 2.4. భీమిలి తీరం ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ దొరుకుతుంది. రేడియేషన్ మన నేలలోనే ఉందనడానికి అదే గుర్తు. 10 మిల్లీసీవర్టుల వల్ల జీవితకాలంలో ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం రెండు వేలల్లో ఒకటి పెరుగుతుందని అంచనా. అదీ రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది కాబట్టి 71 ఏళ్లావిడకి ఇంకా తక్కువ.

ఆపరేషన్ ఫైలు తీసుకెళ్లండి. అమర్చిన భాగాల పెట్టె మీది స్టిక్కర్లు అందులో అంటించి ఉంటాయి: కంపెనీ, సైజు, ఏ లోహమో. టైటానియం అయితే చారలు తక్కువ. స్టీలుకీ, కోబాల్ట్ క్రోమియంకీ ఎక్కువ. చేతులు పైకెత్తి పడుకోమంటారు, అమ్మగారికి భుజం నొప్పి ఉంటే ముందే చెప్పండి. చేతులు పక్కన ఉంటే డోసు పెరుగుతుంది. మందు ఎక్కిస్తారు కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేయించండి, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి.

ప్రశ్న: నమస్కారం సార్. మాది చింతపల్లి మండలం. మా చెల్లికి 26 ఏళ్లు, సికిల్ సెల్ ఉంది. తుంటి బంతి కుళ్లిపోయిందని రెండేళ్ల కిందట కుడి తుంటి మార్చారు. ఇప్పుడు మళ్లీ ఆ కాలు నొప్పి అంటోంది. రెండో వైపూ నొప్పి మొదలైంది. సీటీ తీయిద్దామంటున్నారు. పెళ్లి కావాల్సిన పిల్ల. ఏం చేయమంటారు?

జవాబు: మీ చెల్లి లాంటివాళ్లు ఏజెన్సీ నుంచి నర్సీపట్నం ఆసుపత్రులకి చాలామందే వస్తున్నారు. కొడవలి ఆకారం పొందిన ఎర్ర రక్తకణాలు తొడ ఎముక తలకి వెళ్లే సన్నని రక్తనాళాలకి అడ్డం పడతాయి. రక్తం అందక ఆ ఎముక చచ్చిపోతుంది. అందుకే మిగతావాళ్లకి ఎక్కువగా పెద్ద వయసులో జరిగే ఆపరేషన్ వీళ్లలో కొందరికి ఇరవైల్లోనే జరుగుతుంది. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షల మీద దృష్టి పెరిగింది, సంతోషమే. తుంటి పాడైన పిల్లల్ని దీర్ఘకాలం కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు కూడా అంతే అవసరమని నా గట్టి నమ్మకం.

పైన చెప్పిన పెద్దావిడ లెక్క ఇక్కడ చెల్లదు. ముందు ఇంకా ఎన్నో ఏళ్ల జీవితం ఉంది, అండాశయాలు స్కాన్ దారిలోనే ఉన్నాయి, ఇంకా ఎన్ని స్కాన్లు అవసరమవుతాయో! అందుకని సీటీని చివర్లో పెట్టండి.

ముందు మామూలు ఎక్స్‌రే తీయించండి. ఆపరేషన్ అయిన వెంటనే తీసినదీ, ఇప్పటిదీ పక్కపక్కన పెడితే కీలు వదులైందో లేదో చాలాసార్లు తెలిసిపోతుంది. పాతవి పారేయకుండా ఉంటే అదే పెద్ద సాయం. సికిల్ సెల్ ఉన్నవాళ్లకి ఎముకలో చీము పట్టే ముప్పు ఎక్కువ కాబట్టి ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, అనుమానం ఉంటే కీలులోని నీరు సూదితో తీసి పరీక్ష చేయాలి. వీటిలో రక్తపరీక్షలకి రేడియేషన్ అసలు లేదు.

రెండో తుంటికి ఎంఆర్ఐ. ఎముక చచ్చిపోవడం మొదలైన దశలో ఎక్స్‌రే, సీటీ రెండింటికంటే ముందు పట్టేది అదే. కుడివైపు లోహం ఉంది కదా, ఎంఆర్ఐ కుదరదంటారేమో. ఇప్పుడు అమర్చే తుంటి కీళ్లలో చాలావాటికి కొన్ని షరతులతో ఎంఆర్ఐ చేయవచ్చు. ఫైల్లోని స్టిక్కర్ చూపిస్తే వాళ్లు సరిచూసుకుంటారు.

సీటీ ఎప్పుడు? కీలు వదులైందని తేలి, మళ్లీ ఆపరేషన్ చేసే ముందు ఎముక ఎంత అరిగిందో కొలవాల్సి వచ్చినప్పుడు. లేదా ఎక్స్‌రేలో కనిపించని పగులు ఉందని అనుమానం వచ్చినప్పుడు. అప్పుడు కూడా తుంటి వరకే, మందు లేకుండా, ఒక్క విడత. ఎముకనీ లోహాన్నీ చూడడానికి అంత నునుపైన బొమ్మ అక్కర్లేదు, తక్కువ డోసు చాలు. నెలసరి తేదీ తప్పకుండా చెప్పించండి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందు పరీక్ష చేసుకున్నాకే. ఇంకో మాట, ఏ పరీక్షకైనా పరగడుపున రమ్మంటే నీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో అడగండి. చింతపల్లి నుంచి ఘాట్ దిగి వచ్చి, గంటల తరబడి నీళ్లు లేకుండా వరసలో కూర్చుంటే సికిల్ నొప్పి అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మా నాన్నకి రెండు తుంటులూ మార్చారు. స్కాన్ తీసేటప్పుడు కింద సీసం కవచం వేయమంటే వేయలేదు. నిర్లక్ష్యం కాదా?

జవాబు: కాదు. స్కాన్ చేసే భాగం మీద సీసం పెడితే అదీ ఒక లోహమే. యంత్రం దాన్నీ చూసి డోసు పెంచవచ్చు, బొమ్మా చెడుతుంది. అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లోనే ఈ అలవాటు మానేయమని చెప్పింది. మీరు అడగాల్సింది డోసు కాగితం. స్కాన్ చివర యంత్రమే ఒక పేజీ తయారుచేస్తుంది, అందులో డీఎల్‌పీ అని ఒక అంకె ఉంటుంది. పొట్ట స్కాన్ అయితే దాన్ని 0.015తో గుణిస్తే మిల్లీసీవర్టులు సుమారుగా వస్తాయి. 600 ఉంటే 9. సీడీలో ఆ పేజీ కూడా ఎక్కించమనండి. రెండు వైపులా లోహం ఉన్నవారికి ప్రోస్టేట్ దగ్గర చారలు మరీ ఎక్కువ, అక్కడ సందేహం మిగిలితే ఇంకో సీటీ కాకుండా ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండు గానీ అడగండి.

ప్రశ్న: స్కాన్ అయ్యాక ఆ రేడియేషన్ లోహంలో నిలిచిపోతుందా? మనవల్ని ఎత్తుకోవచ్చా?

జవాబు: నిలవదు. మీట ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. ఇంటికెళ్లి హాయిగా ఎత్తుకోండి.