గుండె కోయనంటే గదమకండి

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రసరణ పాఠం మొదలయ్యాక క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: గ్రూపుకో మేక గుండె, బాగా కడిగి తేవాలి అని. కొండాపూర్‌లోనో మాదాపూర్‌లోనో మటన్ షాపులో చెప్పి పెట్టడం మనకు పెద్ద పని కాదు. తీరా రాత్రి అన్నం దగ్గర పిల్ల "నేను కొయ్యను మమ్మీ" అంటుంది.

"మొన్న ఆదివారం బిర్యానీ తిన్నప్పుడు ఏమైంది?" అన్న మాట నోటిదాకా వస్తుంది. దయచేసి అనకండి. కూరలో ముక్క వేరు, ట్రేలో చల్లగా, బరువుగా ఉన్న గుండె వేరు. తెగిన రక్తనాళాల్లోకి సోడా స్ట్రాలు దూర్చి, ఏ నాళం ఏ గదిలోకి పోతోందో చూసుకుని, ఆ తర్వాత కత్తెర పెట్టాలి. ఇది నిన్నటిదాకా కొట్టుకున్న గుండె అని ఆ వయసు పిల్లకి తోచిందంటే, ఆ మనసులో మనం దిద్దాల్సింది ఏమీ లేదు. ముందు ఎందుకు వద్దంటోందో అడగండి. వాసన పడకా? జాలి వల్లా? నలుగురి ముందూ చేయి వణుకుతుందన్న భయమా? వాసనైతే మాస్కుతో పోతుంది. జాలైతే దాన్ని గౌరవించాలి.

మన దేశం ఈ జాలిని ఎప్పుడో గుర్తించింది. పుస్తకాలు, నమూనాలు, సినిమాలతో నేర్పగలిగిన చోట జంతువుల మీద ప్రయోగాలు మానుకోవాలన్న మాట 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనే ఉంది. డిగ్రీ, పీజీ జువాలజీ ల్యాబుల్లో జంతువులను కోయడం ఆపమని యూజీసీ 2014లో చెప్పింది. అయితే ఇవన్నీ చదువు కోసం జంతువును వాడటం గురించి. షాపు నుంచి తెచ్చిన గుండె సంగతి వేరు. కాబట్టి స్కూలుకి సెక్షన్లు పట్టుకుని వెళ్లకండి, అవసరం కూడా లేదు. విసర్జన పాఠంలో మూత్రపిండం కోసే చోట, అది దొరక్కపోతే నమూనా వాడవచ్చని మన తెలంగాణ పాఠ్యపుస్తకమే దారి చూపించింది. మూత్రపిండానికి సరిపోయినది గుండెకెందుకు సరిపోదు?

అమెరికాలో జెనిఫర్ గ్రాహమ్ అనే హైస్కూలు విద్యార్థిని 1987లో కప్పను కోయనని పట్టుబట్టింది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా, ఇలా కోయననే పిల్లల కోసం చట్టం తెచ్చింది. అక్కడ పిల్లల అభ్యంతరానికి తల్లిదండ్రుల చీటీ తోడుండాలి. బే ఏరియాలో కొన్నాళ్లుండి గచ్చిబౌలికి తిరిగొచ్చిన మన కుటుంబాల్లో కొందరికి ఇది తెలిసే ఉంటుంది. చట్టం లేకపోయినా ఆ చీటీ మనమూ రాయవచ్చు. గ్రూపులో అందరి ముందూ కాదు, ల్యాబుకి రెండు రోజుల ముందే నేరుగా టీచరుకి: "మేడమ్, మా అమ్మాయి గుండెను కోయలేనంటోంది. పాఠం మాత్రం పూర్తిగా నేర్చుకుంటుంది, రికార్డు రాస్తుంది. నమూనా మీద చూపించి వివరించే అవకాశం ఇవ్వండి." అంతకంటే పొడుగు అక్కర్లేదు. నలభై మంది పిల్లలతో ల్యాబు నడిపే మనిషికి ముందుగా చెబితే ఏదో ఒక ఏర్పాటు చేయగలరు.

ఒప్పుకున్నాక మీ వంతు పని మొదలవుతుంది. కోయననడం పాఠం ఎగ్గొట్టడానికి సాకు కాకూడదు. ఇంట్లో మైదా పిండితోనో బంకమట్టితోనో నాలుగు గదుల గుండె చేయించండి. ఎడమ జఠరిక గోడ ఎందుకంత మందమో చెప్పమనండి. అపార్ట్‌మెంట్ మెట్లు ఐదంతస్తులు ఎక్కించి, ముందూ తర్వాతా నాడి లెక్కపెట్టించండి. 1816లో ఫ్రాన్సు వైద్యుడు లెనెక్ కాగితం చుట్టి ఒక రోగి ఛాతీ మీద పెట్టి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అక్కడే పుట్టింది. అదే పని పిల్లచేత అమ్మమ్మ గుండె మీద చేయించండి, లబ్ డబ్ అని వినిపిస్తుంది. నిజమైన గుండె కొట్టుకుంటుంటే వినడం కత్తెర పట్టడానికి ఏమాత్రం తీసిపోదు.

"రేపు డాక్టర్ ఎలా అవుతుంది?" అన్న బెంగ మీది. నీట్‌లో కత్తెర ఉండదు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది మనిషి శరీరం ముందు నిలబడే నాటికి ఆ పిల్లకి పదిహేడు పద్దెనిమిదేళ్లు వస్తాయి. ఎందుకు చేస్తున్నానో తెలిసి, తానే ఎంచుకుని చేస్తుంది. పదిహేనేళ్లప్పటి జాలిని చూసి ఇప్పుడే తీర్పు చెప్పకండి.

ఇంకో మాట. మీరు మాంసం ముట్టరు, మీ అబ్బాయేమో గుండె లోపల చూడాలని ఉబలాటపడుతున్నాడు. వాడినీ ఆపకండి. మీ ఆచారం కోసం వాడిచేత వద్దనిపిస్తే ఆ నిర్ణయం వాడిది కాదు. ల్యాబు రోజున ఇద్దరినీ స్కూలుకి పంపండి, సెలవు పెట్టించకండి. సాయంత్రం వచ్చాక కోసిన పిల్లాడినీ కోయని పిల్లనీ ఒకే ప్రశ్న అడగండి: రక్తం వెనక్కి రాకుండా ఆపేది ఏమిటి?