మాత్రలు వాడుతుండగా ఉన్నట్టుండి ఆయాసం వస్తే

చెల్లెమ్మలారా! మాలా-ఎన్ మాత్రలు చాలామందికి సురక్షితమే. కాని ఎక్కడో ఒకరికి కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఇది అరుదు, అయినా ప్రాణాపాయం.

గుర్తులు: ఉన్నట్టుండి ఊపిరాడదు. గాలి పీలిస్తే ఛాతీలో పోటు. దగ్గితే రక్తం పడవచ్చు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెడుతుంది.

అప్పుడేం చేయాలి? కంగారుపడకండి. వెనక్కి ఆనుకొని కూర్చోండి. బట్టలు వదులు చేయండి. వాచిన కాలు మర్దన చేయించకండి. మాత్రలు ఆపేయండి. వెంటనే 108కి ఫోను చేయించి ఆసుపత్రికి వెళ్ళండి. "మాత్రలు వాడుతున్నాను" అని డాక్టరుగారికి తప్పక చెప్పండి.

35 ఏళ్ళు దాటి చుట్ట, బీడీ తాగేవారు, లోగడ రక్తం గడ్డకట్టినవారు ఈ మాత్రలు వాడరాదు. వారికి కాపర్-టి, నిరోధ్ ఉన్నాయి. నర్సమ్మను అడగండి, మొహమాటపడకండి.